ఆరడుగుల బ్యానరుతో బీదర్‌కు

బీదర్ వెళ్లేవారు సాధారణంగా కోట చూడటానికి వెళ్తారు, లేదా వెండి తీగ పొదిగిన నల్లటి బిద్రీ గిన్నెలు కొనుక్కోవడానికి వెళ్తారు. నేను మాత్రం ఒక బ్యానరుకు ఊరు చూపించడానికి వెళ్లాను.

లింగంపల్లిలో మా కాలనీ సంక్షేమ సంఘానికి ఈ ఏడాది ఉన్నట్టుండి మానసిక ఆరోగ్యం మీద దయ పుట్టింది. పోయినేడు ఆ దయ పార్కు బెంచీల మీద ఉండేది. హైదరాబాదు డాక్టర్లు కొందరు నడిపే ఒక చిన్న ట్రస్టు నెలకొక ఆదివారం బీదర్‌లో ఉచిత శిబిరం పెట్టి రోగులను చూసి మందులిస్తోంది. దాంతో పాటు ఒక పరిశోధన కూడా చేస్తోంది. కార్యకర్త ఒకరు ఇంటింటికీ వెళ్లి పలకరిస్తూ ఉంటే రోగులు మధ్యలో మందులు మానకుండా ఉంటారా లేదా అన్నది తేల్చడం వాళ్ల పని. ఆ కార్యకర్త స్కూటర్ పెట్రోలుకూ ఆర్నెల్ల మందులకూ మేము చందా ఇవ్వాలి.

మీటింగులో మందుల దాకా అందరూ తలలూపారు. పరిశోధన అనగానే ముఖాలు మారాయి. "పలకరించడానికి పెట్రోలెందుకండీ, ఫోన్ చేస్తే పోదా?" అన్నారొకాయన. "అదే వాటర్ కూలరైతే మన సంఘం పేరు రాయించుకోవచ్చు" అన్నారింకొకాయన. మందుబిళ్ల మీద దాత పేరు రాయించే సౌకర్యం లేకపోవడం మావాళ్లను నిజంగా బాధపెట్టింది. చివరికి కార్యదర్శి ప్రభాకర్ గారు ఒక దారి కనిపెట్టారు. సగం డబ్బు ఇప్పుడు, మిగతా సగం ఫోటో వచ్చాక. ఫోటోలో సంఘం బ్యానరు ఉండాలి, దాని కింద రోగులు కూర్చోవాలి, ముఖాలు స్పష్టంగా కనిపించాలి. దాన్ని పేపర్లోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ వేయించాలి.

ఆ ఫోటో తీసుకురావడానికి ఎవరు వెళ్తారని అడిగితే, అంతసేపూ మానవసేవ గురించి మాట్లాడిన వాళ్లందరికీ ఆ ఆదివారమే పెళ్లిళ్లు ఉన్నాయని తేలింది. రిటైరైన తెలుగు టీచర్ని, నాకు పెళ్లిళ్లు లేవు. చెయ్యెత్తాను.

ఆదివారం ఉదయం ఆరున్నరకు పటాన్‌చెరులో బీదర్ బస్సు ఎక్కాను. తెలంగాణ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదన్న ధీమాతో ఆధార్ కార్డు తీసి చూపించాను. ఎక్కింది కర్ణాటక బస్సు. "మీ కార్డు మీ సర్కారుకే చూపియ్యాలమ్మా" అని కండక్టర్ నవ్వి రెండు వందలకు కాస్త తక్కువ టికెట్ కొట్టాడు. ఎడమవైపు కిటికీ సీటు దొరికింది. ఆరడుగుల ప్లాస్టిక్ గొట్టంలో చుట్టిన బ్యానరును ఎక్కడ పెట్టాలో మాత్రం తెలియలేదు. పైన పట్టలేదు, కింద పెడితే నడిచేవాళ్ల కాళ్లకు తగిలింది. చివరికి చంటిపిల్లలా ఒళ్లో పడుకోబెట్టుకున్నాను.

పక్కన చిట్గుప్ప వెళ్తున్న ఒకావిడ సంగారెడ్డి దాకా ఓపిక పట్టింది.

"గదేం గొట్టమమ్మా?"

"కర్టెన్ కడ్డీ" అన్నాను.

"బీదర్ల ఇల్లున్నదా మీకు?"

"లేదు, ఖిల్లా చూడటానికి పోతున్నా."

"కర్టెన్ కడ్డీ వట్టుకోనా?" అని నన్ను ఎగాదిగా చూసింది. ఆ తర్వాత సంచీ కొంచెం అటువైపు జరుపుకుంది. బ్యానరు మీద ఏముందో చెబితే అసలు సీటే మారేదేమో అనిపించింది. లోకం సంగతి అలా ఉంచితే, అబద్ధమాడింది నేనే.

ఎనిమిదీ పదికి జహీరాబాద్‌లో బస్సు పావుగంట ఆగింది. ఆవిడ దిగి చిట్గుప్ప బస్సు వైపు నడిచింది. ఉప్మా, టీ కలిపి యాభై రూపాయలు. ఉప్మా వేడిగా ఉంది, టీ తియ్యగా ఉంది, అంతకంటే పొగడలేను. అక్కణ్ణుంచి నేల ఎర్రబడుతుంది. తొమ్మిదీ ఇరవైకి బీదర్‌లో దిగాను.

గంజ్ మార్కెట్‌కు ఆటో అరవై రూపాయలు. శిబిరం జరిగేది అక్కడ పప్పుల టోకు వ్యాపారి వీరేశం సేటు గోదాం మీది హాల్లో. అరవై ఏళ్లాయన, తెల్ల లాల్చీ, వేలికి పచ్చరాయి ఉంగరం. హాలు నెలనెలా ఉచితంగా ఇస్తాడు. మెట్ల దగ్గర కన్నడంలోనూ తెలుగులోనూ బోర్డు పెట్టి ఉంది, "బీపీ, షుగర్ ఉచిత శిబిరం" అని. నేను తప్పు మేడ ఎక్కానేమో అని ఆగాను.

"గదే, గదే, పైకి రాండ్రి" అన్నాడు సేటు. "గట్ల రాస్తెనే మంది వస్తరమ్మా. అసలు పేరు రాస్తె ఈ గల్లీల ఎవ్వడన్న కాలు వెడ్తడా?"

హాల్లో నాలుగు కొత్త ఫ్యాన్లు తిరుగుతున్నాయి. అవీ ఆయన ఇచ్చినవే. గుడికి ఇచ్చిన ఫ్యానుకైతే మూడు రెక్కల మీద మూడు తరాల పేర్లు రాయించాడట. వీటి మీద ఒక్క అక్షరం లేదు. "ఈడ పేరెందుకు తల్లీ, మా ఇంట్ల ఎవరికో ఉన్నదనుకుంటరు" అన్నాడు. గుప్తదానం చేసేవాళ్లు ఇంకా మిగిలి ఉన్నందుకు సంతోషించాలో వద్దో నాకు అర్థం కాలేదు.

పదికల్లా నలభై మంది వచ్చారు. హుల్సూర్ నుంచి ఒక తండ్రీకొడుకులు, ఊరి చివరి పల్లెల నుంచి తెలుగు రైతు కుటుంబాలు కొన్ని. తెర వెనక డాక్టరు. తెర ముందు రేణుక, పెట్రోలు వివాదానికి మూలమైన కార్యకర్త. ముప్పై ఏళ్లుంటాయి, బుగ్గన సిరా మరక. మా సంఘాన్ని అంత భయపెట్టిన పరిశోధన ఆమె చేతిలో ఉన్న రెండు వందల పేజీల నోటుపుస్తకం. ప్రతి మనిషినీ నాలుగు ప్రశ్నలు అడుగుతుంది. నిద్ర, తిండి, పని, మందు.

పదిన్నరకు ధన్నూర నుంచి శారదమ్మ వచ్చింది.

"నిద్ర?" అంది రేణుక.

"పడ్తాంది."

"పని?"

"చేస్తున్న. నూటపది మంది పిల్లలకు వండుతున్న" అంది శారదమ్మ. ఆ అంకె చెప్పేటప్పుడు మెడ కొంచెం నిటారైంది.

రెండేళ్ల కింద ఆమె చెవుల్లో ఎవరో మాట్లాడుతున్నారని ఇల్లు వదిలిపోయి మూడు రోజులు కందిచేలో కూర్చుంది. రేణుక నెలకు రెండుసార్లు స్కూటర్ మీద వెళ్లి మందులు ఆపకుండా చూసింది. ఇప్పుడు ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. భర్త లేడు, ఆ జీతమే ఇల్లు గడిపేది.

పదకొండున్నరకు నేను నా మహాకార్యం మొదలుపెట్టాను. గొట్టంలోంచి బ్యానరు తీశాను, సేటు మనుషులు గోడకు కట్టారు. "మానసిక రోగులకు మా చేయూత" అని ఎర్రటి అక్షరాలు, కింద సంఘం పేరు, కుడివైపు చేతులు జోడించిన ప్రభాకర్ గారు. కింద పది కుర్చీలు వేశాం. అంతవరకూ హాలంతా పరుచుకుని ఉన్న జనం రెండు నిమిషాల్లో ఎదుటి గోడకు అతుక్కుపోయారు. హుల్సూర్ తండ్రీకొడుకులు మందులు కూడా తీసుకోకుండా మెట్లు దిగుతుంటే రేణుక పరుగెత్తి ఆపింది.

శారదమ్మకు కన్నడం తప్ప తెలుగు చదవడం రాదు. బ్యానరు మీద ఏముందో రేణుకను అడిగి తెలుసుకుని నా దగ్గరికి వచ్చింది.

"అమ్మా, ఈ ఫోటో ఏడికి పోతది?"

పేపర్లో, ఫోన్లలో అన్నాను.

"గట్లయితే మా హెడ్మాస్టర్ సారు సూస్తడు. పిచ్చిదాని శేతి వంట మా పిల్లలు తినరని ఊరోళ్లంటరు. నా కొలువు పోతదమ్మా. ఫోటో దిగకపోతె మందులు బంద్ జేస్తరా?"

ఆమె అడిగింది నిజమే. ఫోటో లేకపోతే రెండో సగం రాదు, రేణుక స్కూటర్ ఆగుతుంది, మందులూ ఆగుతాయి. ఫోటో దిగితే కొలువు ఆగుతుంది. ఇంత చక్కటి ఏర్పాటు చేసిన మా సంఘం మేధస్సుకు మెట్ల మీద నిలబడి మనసులోనే దండం పెట్టి, ప్రభాకర్ గారికి ఫోన్ చేశాను. ఒకావిడ కొలువు పోతుందట, ముఖాలు మసక చేద్దామా అని అడిగాను.

"మసక చేస్తే నిజం రోగులని ఎవరు నమ్ముతారు మేడమ్? దాతలు అడుగుతారు. పది మంది లేకపోతే కనీసం ఒక్కరి ముఖమైనా కనిపించాలి" అన్నారాయన.

ఇప్పుడు ఒక సంగతి చెప్పాలి. ఉద్యోగం చివరి ఏళ్లలో నాకు దిగులు జబ్బు చేసింది. రాత్రిళ్లు నిద్ర లేదు, పొద్దున మంచం దిగాలంటే ఏడుపు. రెండేళ్లు బిళ్లలు వేసుకున్నాను, అవే నన్ను నిలబెట్టాయి. స్టాఫ్‌రూములో మాత్రం థైరాయిడ్ అని చెప్పాను, కాలనీలోనూ అదే చెప్పాను. పిల్లల తల్లిదండ్రులకు తెలిస్తే నా తరగతి నుంచి పిల్లలను మార్పించుకుంటారని భయపడ్డాను. మీటింగులో నేను చెయ్యెత్తింది పెళ్లిళ్లు లేక కాదు, ఈ బిళ్లల విలువ ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు కనుక. ఆ మాట అక్కడ ఎవరికీ చెప్పలేదు.

బ్యానరు కింద మధ్య కుర్చీలో వెళ్లి కూర్చున్నాను. "ఒక్కరు చాలన్నారు కదా, తీయండి" అని ఫోన్ సేటుకు ఇచ్చాను.

"మీరేందమ్మా?" అన్నాడు కంగారుగా. "మీరు పెద్దోళ్లు, సంఘమోళ్లు."

"రెండేళ్లు మందు తిన్నాను సేటూ. మీరూ కూర్చుంటారా?"

"నేను గూసోనమ్మా. నాకు పది మందితోని వ్యాపారమున్నది" అన్నాడు నిజాయితీగా. నాలుగు ఫోటోలు తీశాడు. మూడింటిలో ఆయన వేలు అడ్డం పడింది. నాలుగోదానిలో నేను, నా వెనక చేతులు జోడించిన ప్రభాకర్ గారు బాగానే వచ్చాం.

బ్యానరు మళ్లీ మోసే ఓపిక లేక సేటుకే ఇచ్చేశాను. వానలకు పప్పు బస్తాల మీద కప్పుకుంటాడట, రాసిన వైపు కిందకు పెట్టి.

ఒంటిగంటన్నరకు గురుద్వారాలో అందరికీ పెట్టే ఉచిత భోజనం. బంతిలో రొట్టె, పప్పు, పాయసం. వడ్డించినవాళ్లు నా పేరడగలేదు, జబ్బడగలేదు, తింటుండగా ఫోటో తీయలేదు. ఇలాగైతే దాతలు ఎలా ముందుకొస్తారో వాళ్లే ఆలోచించుకోవాలి. బీదర్ వెళ్లేవారు అక్కడ తప్పక తినండి, తిన్నాక కంచం తోముతామంటే తోమనిస్తారు. కోటకు టైము లేకపోయింది.

నాలుగు దాటాక రైలెక్కాను, టికెట్ బస్సు ధరలో మూడో వంతు కూడా లేదు. బండి కదిలాక ఫోటో ప్రభాకర్ గారికి ఒక్కరికే పంపాను. ఐదుంబావుకు, జహీరాబాద్ దగ్గర, ఫోన్ మోగింది.

"మేడమ్, ఇదేంటి? మీరు కూర్చున్నారేంటి?"

"ఒక్కరైనా కావాలన్నారు కదా."

"అంటే నటించారన్నమాట."

"లేదండీ. రెండేళ్లు వాడాను."

"మీది థైరాయిడ్ కదండీ!" అన్నారాయన, నేనేదో మోసం చేసినట్టు. తర్వాత గొంతు తగ్గించి, "ఇది గ్రూపులో వద్దు మేడమ్. మీ పరువు, మన కాలనీ పరువు. మనుషులు నానా రకాలుగా అనుకుంటారు, రేపు మీకే ఇబ్బంది. ఫోటో సంగతి వదిలేద్దాం. రెండో సగం రేపే పంపించేస్తాను" అన్నారు.

శారదమ్మ ఆ పొద్దున చెప్పిన మాటలే ఇవి. ఆమె నోట వచ్చినప్పుడు మా సంఘానికి అర్థం కాలేదు. కాలనీ మనిషి ముఖం కనిపించేసరికి రోగుల గోప్యత ఎంత ముఖ్యమో గంటలోపే బోధపడింది. నాకు సంతోషమూ కలిగింది, ఒళ్లు మండే కోపమూ వచ్చింది. ఆయన మాట మార్చకముందే "అలాగే, ఇకముందు ఎవరి ఫోటోలూ వద్దని కూడా రాసి పంపండి" అన్నాను. పంపారు. చదువుకుని, రేణుకకు ఫోన్ చేశాను.

రేణుక శారదమ్మను స్కూటర్ మీద ధన్నూరలో దింపి ఇంకా ఆ ఇంటి ముందే ఉంది. సంగతి చెప్పగానే ఫోన్ శారదమ్మ తీసుకుంది.

"పైసలు వస్తయంట గదమ్మా. ఫోటోల మీరొక్కరే గూసున్నరంట. మీకేం గాదా?"

"నాకేమవుతుంది శారదమ్మా? రిటైరైనదాన్ని. నా పింఛను ఎవరాపుతారు?" అన్నాను.

అన్నాక నా మాట నాకే వినబడింది. మధ్యాహ్నం నుంచీ నేనేదో వీరనారిననుకుంటూ, ప్రభాకర్ గారినీ సేటునూ వెక్కిరించుకుంటూ వస్తున్నాను. ఆమెలాగే బడిలో కొలువు చేసుకున్న రోజుల్లో రెండేళ్లు నోరు విప్పనిదాన్ని. ఆ కుర్చీలో కూర్చోవడానికి పింఛను మంజూరయ్యేదాకా ఆగాను. ఎదుటి సీటాయన చూస్తున్నాడని కూడా లేకుండా కళ్లు తుడుచుకున్నాను.

"గట్లయితె మంచిగైంది" అంది శారదమ్మ, నిజంగా తేలికపడ్డ గొంతుతో. "ఉంటనమ్మా. రేపు బడిల గుడ్లున్నయి, జల్ది లేవాలె."

ఏడున్నరకు లింగంపల్లిలో దిగాను. చేతిలో గొట్టం లేదు కనుక మెట్లెక్కడం సులువైంది. బీదర్ ఎలా ఉందని ఎవరైనా అడిగితే కోట గురించి నేనేమీ చెప్పలేను. రేపు మధ్యాహ్నం ధన్నూర బడిలో నూటపది మంది పిల్లలు శారదమ్మ చేతి వంట తింటారు, అంతవరకూ చెప్పగలను.