కనుబొమ్మలు రికార్డు కావు

ఒక ఇంటికి భోజనానికి వెళ్లి, బల్ల నిండా వంటకాలుండగా కడుపు మాడ్చుకుని తిరిగొచ్చి, వస్తూ వస్తూ ఆ ఇంటి భార్యాభర్తల మధ్య మాటలు లేకుండా చేసి, ఇదంతా 'మనుషులు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటారు' అనే పరిశోధన పేరుతో చేసిన మనిషి మీకెవరైనా తెలుసా? ఇకనుంచి తెలిసినట్టే. నవ్వుకోవాలనుంటే ఇప్పుడే నవ్వేసుకోండి. మధ్యలో నవ్వితే నాకు కోపం వస్తుంది.

నేను కెనడాలోని గ్వెల్ఫ్‌లో మాస్టర్స్ చదువుతున్న రోజులవి. మా ప్రొఫెసర్‌కి అంకెలంటే గిట్టదు. "లెక్కలు వేరేవాళ్లు వేసుకుంటారు. నువ్వు మనుషుల పక్కన కూర్చో, వాళ్ల రోజు ఎలా గడుస్తుందో అడుగు, చెప్పింది విను" అనేవాడు. అయితే మా తెలుగువాళ్ల మీద చేస్తానన్నాను. "వద్దు. మీవాళ్లని నువ్వు అడగవు. వాళ్ల బదులు నువ్వే చెప్పేస్తావు" అన్నాడు. మా అమ్మ కూడా నా గురించి ఇదే మాట అంటుంది కాబట్టి నేను వాదించలేదు.

అలా ఫిలిపినోల మీద పడ్డాను. నేను పార్ట్‌టైమ్ చేసే వృద్ధాశ్రమం వంటగదిలో గిన్నెలు కడిగే మెషీనూ నేనూ తప్ప అందరూ ఫిలిపినోలే. వాళ్లందరికీ పెద్దదిక్కు మెర్లీ. అందరూ ఆవిణ్ణి టీటా మెర్లీ అనేవారు. టీటా అంటే మన పిన్ని, అత్తయ్య, పక్కింటి ఆంటీ, అందరూ కలిసిన ఒకే పిలుపు. ఆవిడ నన్ను 'అనాక్' అనేది, అంటే బిడ్డా అని. నా పరిశోధన సంగతి చెప్పగానే, "ఆదివారం ఇంటికి రా అనాక్. తిందాం, మాట్లాడుకుందాం" అంది. ఇంతకన్నా మర్యాదగా ఒక విపత్తుకు ఆహ్వానం ఎవరికీ అంది ఉండదు.

ఆదివారం మంచులో పడుతూ లేస్తూ వెళ్లాను. గుమ్మంలో బూట్లు విప్పేసరికే వాసనలు ముక్కు పట్టుకుని లోపలికి లాక్కెళ్లాయి. పాన్సిట్ అనే సన్నటి నూడుల్స్, వెల్లుల్లి దట్టించిన చికెన్, ఇంకా పేర్లు తెలియని నాలుగైదు గిన్నెలు. ఆవిడ భర్త రెనే, అందరికీ టీటో, అంటే బాబాయ్, వాన్ అనే ఊళ్లో ఒక వేర్‌హౌస్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు, వంటింట్లో ఏప్రన్ కట్టుకుని ఏదో తరుగుతున్నాడు. టీటా ప్లేటు పట్టుకుని నా ముందు నిలబడింది.

"తింటావా?"

నేను తల ఊపాను. మామూలుగా కాదు. మన ఇళ్లలో 'అదేం ప్రశ్నండీ, వడ్డించండి' అనడానికి, తలని ఈ భుజం వైపుకీ ఆ భుజం వైపుకీ ఒయ్యారంగా ఊపుతామే, అలా. ఆటో అద్దం ముందు పెట్టే కుక్కబొమ్మ కూడా నన్ను చూసి నేర్చుకోవాలి.

"ఓ" అంది టీటా. ప్లేటు వెనక్కి తీసుకెళ్లిపోయింది.

నేను పరిశోధకురాలిని కదా, వెంటనే అర్థం చేసుకున్నాను. వీళ్లలో పని పూర్తయ్యాకే భోజనమన్నమాట. ఎంత క్రమశిక్షణ అనుకున్నాను. కాసేపటికి మళ్లీ అడిగింది, నేను మళ్లీ ఊపాను, ఆవిడ మళ్లీ వెళ్లిపోయింది. ఆచారాన్ని గౌరవించాలి. కడుపు మాత్రం ఏ ఆచారాన్నీ గౌరవించకుండా గుర్రుగుర్రుమంటోంది. ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేశాను.

"టీటా, పనిలో ఏదైనా ఇబ్బంది వస్తే సూపర్‌వైజర్‌తో నేరుగా చెప్తారా?"

టీటా చిన్నగా నవ్వి, కనుబొమ్మలు రెండూ పైకెత్తి దించింది. అంతే. మాట లేదు.

పాపం, నా విజయవాడ ఇంగ్లీషు అందలేదనుకున్నాను.

"అంటే, ప్రాబ్లమ్ ఉంటే మీరే వెళ్లి మాట్లాడతారా అని."

మళ్లీ కనుబొమ్మలు లేచాయి, దిగాయి.

"ప్రాబ్లమ్," అన్నాను ఇంకాస్త గట్టిగా, చేతులు తిప్పుతూ. "సూపర్‌వైజర్. మీరు. వెళ్లడం. చెప్పడం."

టీటా నా వైపు జాలిగా చూసింది. "చెప్తాను అనాక్" అంది, జ్వరం వచ్చినవాళ్లతో మాట్లాడినట్టు మెల్లగా.

హమ్మయ్య అనుకుని సంతోషంగా తల ఊపాను. ఆవిడ మొహం వాడింది.

"అంటే... చెప్పను" అంది.

ఊపాను. నాకేం, ఆవిడ ఏం చెప్పినా వింటున్నానని తెలియాలి కదా.

"అప్పుడప్పుడు చెప్తాను."

ఇంకా ఉత్సాహంగా ఊపాను.

"నీకేది కావాలో అదే రాసుకో" అంది టీటా.

మానవ మనస్సు ఎంత లోతైనదో అని నేను ముగ్ధురాలినైపోయాను. ఒకే ప్రశ్నకు ఇన్ని జవాబులా. ఆ ఊపులో అసలు అడగకూడని ప్రశ్న అడిగాను.

"మీకూ టీటోకీ గొడవైతే తర్వాత ముందుగా ఎవరు మాట్లాడతారు?"

"నేనే." ఊపాను.

"సరే, ఆయనే." ఊపాను.

"ఇద్దరం ఒకేసారి." నాలుక చప్పరించి మరీ ఊపాను.

టీటాకి విసుగొచ్చింది. "ఎవరమూ మాట్లాడం. ఆయన ఇంతవరకూ ముందుగా మాట్లాడిందే లేదు. చాలా?"

వంటింట్లో కత్తి చప్పుడు ఆగిపోయింది. టీటో రెనే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"నేను ముందు మాట్లాడలేదా? పోయినసారి సింకు దగ్గరికొచ్చి మాట్లాడింది ఎవరు?"

"నువ్వా? నువ్వు ఉల్లిపాయలెక్కడున్నాయని అడిగావు."

"అదే మాట్లాడటమంటే."

"ఉల్లిపాయల గురించి అడగటం మాట్లాడటమా?"

ఇద్దరూ న్యాయం కోసమన్నట్టు నా వైపు తిరిగారు. ఇద్దరూ నిజమే చెప్తున్నారని నా అభిప్రాయం. అందుకని ముందు ఆయన వైపూ, తర్వాత ఆవిడ వైపూ శాంతంగా, ఓదార్పుగా తల ఊపాను.

"చూశావా, ఈ అమ్మాయి కూడా నన్ను నమ్మట్లేదు" అన్నాడు టీటో. ఏప్రన్ విప్పి కుర్చీ మీద వేశాడు. కోటు తొడుక్కుని బయటికెళ్లి కార్లో కూర్చున్నాడు. ఎక్కడికీ పోలేదు, ఊరికే కూర్చున్నాడు. దీన్ని వాళ్లు టాంపో అంటారని తర్వాత తెలిసింది. మనం అలక అంటాం. భాష ఏదైనా అలిగిన మగవాడు కార్లో ఒకేలా కనిపిస్తాడు.

ఇంటికి చేరేసరికి నా రూమ్మేట్ మౌనిక, వరంగల్ పిల్ల, సోఫాలో పడుకుని ఉంది.

"ఎట్లయిందే ఇంటర్వ్యూ?"

"అద్భుతంగా. కానీ తినలేదు. వాళ్ల ఆచారం ప్రకారం పెట్టరు."

"ఫిలిపినోల ఇంటికి పోయి తినకుంట వచ్చినవా? వాళ్లు కొరియర్ ఇయ్యనొచ్చినోనికి గూడ తినబెడ్తరు. ఏమన్నవ్ నువ్వు?"

"ఏమంటాను? తింటావా అంది, ఇలా ఊపాను."

మౌనిక చూసింది. ఆలోచించింది. "కరెక్టే ఉన్నది గద" అని తనూ అలాగే ఊపింది. గ్వెల్ఫ్ నగరంలో ఇద్దరు తెలుగు ఆడపిల్లలు ఎదురెదురుగా కూర్చుని, గంగిరెద్దుల్లా తలలూపుకుంటూ తప్పెక్కడుందో వెతికారు. దొరకలేదు.

మర్నాటి నుంచి వంటగదిలో చలి మొదలైంది. టీటా 'అనాక్' అనడం మానేసింది. "ఆ ట్రే ఇవ్వు", "పక్కకి జరుగు", అంతే. నాతోపాటు సలాడ్లు కోసే జాయ్ అనే అమ్మాయి నా పక్కకొచ్చి, "టీటా పొద్దున్నుంచి వండితే ముట్టుకోనన్నావట. అదీకాక టీటో ఇంట్లో మాట్లాడటం లేదు. ఏం చేశావు నువ్వు?" అని గుసగుసగా అడిగింది. నేను ఏం చేశానో నాకు తెలిస్తే కదా చెప్పడానికి.

ఇంటర్వ్యూని అక్షరం పొల్లు పోకుండా టైపు చేసి ప్రొఫెసర్‌కి పంపించాను. ఆయన గదికి పిలిచాడు.

"ఇది ఇంటర్వ్యూనా, పోలీసు విచారణా?" అన్నాడు.

"అదేమిటి సార్?"

"నువ్వే చూడు. ప్రశ్న అడిగావు. నిశ్శబ్దం. అదే ప్రశ్న మళ్లీ అడిగావు. నిశ్శబ్దం. ఇంకా గట్టిగా అడిగావు. అప్పుడు చెప్తానంది. నిశ్శబ్దం. ఆవిడ మాట మార్చింది. మళ్లీ నిశ్శబ్దం. మళ్లీ మార్చింది. 'నీకేది కావాలో అదే రాసుకో' అంటోంది. మనిషి ఈ మాట ఎప్పుడంటుందో తెలుసా?"

"మనసు విప్పినప్పుడు" అన్నాను.

ఆయన కళ్లద్దాలు తీసి కళ్లు నులుముకున్నాడు. తర్వాత చెప్పింది క్లుప్తంగా ఇదీ: ఆవిడ దగ్గరికి వెళ్లి జరిగినదేమిటో కనుక్కోవాలి. బాధపడి ఉంటే క్షమాపణ చెప్పాలి. ఇంటర్వ్యూ తీసేయమంటే తీసేయాలి, అవసరమైతే అంశమే మార్చుకోవాలి. అంశం మారితే థీసిస్ ఆలస్యమవుతుంది, థీసిస్ ఆలస్యమైతే స్టడీ పర్మిట్, దాని వెనక వర్క్ పర్మిట్, దాని వెనక పీఆర్ అనే శాశ్వత నివాసం, అన్నీ డబ్బాలు డబ్బాలుగా పట్టాలు తప్పుతాయి. ఇంజను నేనే.

మరుసటి షిఫ్టులో జెల్లీ కప్పుల ట్రే పట్టుకుని, ఆవిడతో ఎలా మొదలుపెట్టాలా అని దిక్కులు చూస్తున్నాను. అవతలి మూల నుంచి జాయ్ అరిచింది.

"టీటా, సూప్ అయిందా?"

టీటా మాట్లాడలేదు. కనుబొమ్మలు ఎత్తి దించింది. జాయ్ వచ్చి సూప్ గిన్నె తీసుకుంది.

"టీటో ఇంకా అలాగే ఉన్నాడా?"

కనుబొమ్మలు లేచి దిగాయి. "అయ్యో" అంది జాయ్.

నా చేతిలో జెల్లీలన్నీ వణికాయి. ఆ కనుబొమ్మల అర్థం 'ఏమిటీ' కాదు. అవును. మొదటిసారి అడిగినప్పుడే అవునంది. రెండోసారీ అవునంది. నేను చెవిటి ముసలమ్మతో మాట్లాడినట్టు చేతులు తిప్పుతూ అరిచినప్పుడు కూడా, పాపం, ఓపిగ్గా అవుననే అంది.

ట్రే పక్కన పెట్టి పరుగెత్తాను. "టీటా, ఆ రోజు మీరు కనుబొమ్మలు ఎత్తింది అవుననా?"

ఎత్తింది. తర్వాత, "మరి నేను చెప్పిన ప్రతిదానికీ నువ్వెందుకు కాదు కాదన్నావు?" అని అడిగింది. "అన్నం పెడతానంటే వద్దన్నావు. నా మాట అబద్ధమన్నావు. మా ఆయన్ని కూడా అబద్ధాలకోరన్నావు."

"నేనెప్పుడు కాదన్నాను టీటా?"

"ఇప్పుడు కూడా అంటున్నావు. ఆ తల చూడు."

చూసుకోవడానికి తల నా మీదే ఉంది కాబట్టి కుదరలేదు గానీ, అది ఊగుతున్న సంగతి మెడకి తెలిసింది. రెండు చేతులతో పట్టుకుని ఆపాను. మా ఊళ్లో ఇది కాదని కాదు, అవునని, ఒక్కోసారి వింటున్నానని, ఒక్కోసారి చాలా బాగుందని, అన్నిటికీ ఇదేనని చెప్పాను.

"అయితే ఆకలేసిందా ఆ రోజు?"

"చచ్చేంత."

ఆవిడ ఏడుస్తూ నవ్విందో, నవ్వుతూ ఏడ్చిందో తెలియలేదు. "ఇంటర్వ్యూ తీసేయమంటారా?" అని అడిగాను. "అది తర్వాత చూద్దాం. ముందు మా ఆయన్ని మాట్లాడించు. శనివారం మనవరాలి పుట్టినరోజు, రా" అంది.

శనివారం నా తల మీద నాకు నమ్మకం లేక, మెడ బిగబట్టుకుని వెళ్లాను. గుమ్మంలోనే ఎవరో పెద్దావిడ చూసి, మెడ పట్టేసిందనుకుని, కుర్చీలో కూలేసి, కర్పూరం ఘాటు కొట్టే నూనె ఏదో మెడంతా రాసి మర్దన చేసేసింది. ఆ చేతులే నా బుగ్గల మీదుగా కూడా ఒకసారి పోయాయి. కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతుండగా టీటో రెనే ముందు నిలబడ్డాను.

"సారీ టీటో. మీరు అబద్ధం చెప్పారని నేననలేదు. ఉల్లిపాయల గురించి అడగటం కూడా మాట్లాడటమేనని నా నమ్మకం."

ఆయన నా కన్నీళ్లు చూసి చలించినట్టున్నాడు. ప్లేటు నిండా పాన్సిట్ పెట్టి చేతికిచ్చాడు. భార్య వైపు మాత్రం తిరగలేదు. నేను తింటుండగా పక్కగదిలో కరావొకే మొదలైంది. జాయ్ మైకు పట్టుకుని వచ్చింది.

"టీటో కోసం ఒక పాట పాడతావా?"

భయంతో నా కనుబొమ్మలు వాటంతటవే నెత్తికెక్కాయి.

గదంతా చప్పట్లు.

తెర మీద వచ్చింది నేనెప్పుడూ వినని ఇంగ్లీషు ప్రేమపాట. అక్షరాలు ముందు పరుగెడుతున్నాయి, నేను వాటి వెనక బస్సు తప్పిపోయినదాన్లా. నూనె ఘాటుకి కళ్లు ఇంకా కారుతున్నాయి. నేను భావంలో మునిగిపోయాననుకుని ఇద్దరు ఆంటీలు కళ్లు తుడుచుకున్నారు. పై స్థాయి ఒకటొచ్చింది. వెళ్లాను. నేనొక్కదాన్నే వెళ్లాను, రాగం రాలేదు. పుట్టినరోజు పాప చెవులు మూసుకుంది.

టీటో రెనే పెదాలు బిగించుకుని చాలాసేపు ఆపుకున్నాడు. ఇక ఆగలేక, పక్కనున్న భార్య వైపు ఒరిగి, "ఇది కూడా ఇంటర్వ్యూలో భాగమేనా?" అన్నాడు.

"నోరు మూసుకుని విను" అంది టీటా మెర్లీ. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు వాలి పగలబడి నవ్వారు.

పాట అయ్యాక ఆ మెషీను నాకు అందరికన్నా ఎక్కువ మార్కులు వేసింది. దానికీ నేను అర్థం కాలేదన్నమాట.

తర్వాత టీటా మళ్లీ ఇంటర్వ్యూ ఇచ్చింది, ఈసారి భోజనం అయ్యాక. థీసిస్ గట్టెక్కింది. కానీ ఆ శనివారం అక్కడితో ముగియలేదు. "ఇంకో పాట పాడతావా?" అంది టీటా. నేను ఈసారి జాగ్రత్తపడ్డాను. మెడ కదల్చలేదు. కనుబొమ్మల్ని రెండు వేళ్లతో కిందికి అదిమి పట్టుకున్నాను. నోటితో, స్పష్టంగా, అందరికీ వినిపించేలా "వద్దు" అన్నాను.

"ఫర్వాలేదు అనాక్, మొదటిసారి అడిగితే మా ఇళ్లలో కూడా మర్యాదకి వద్దనే అంటారు" అని నా చేతిలో మైకు పెట్టింది.

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా, కర్పూర తైలం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నేను ఏ దేశంలో ఎవరింటికి వెళ్లినా తల కదపను, కనుబొమ్మ లేపను, నోరు తెరవను. ప్లేటు ముందుకు చాపి నిలబడతాను. ఆ ఒక్క మాటా ఇంతవరకూ ఎవరికీ తప్పుగా అర్థం కాలేదు.