మనిషి మోసే సైకిలు

చాంద్రాయణగుట్ట దగ్గర మాకు సైకిల్ రిపేరు దుకాణం ఉండేది. వెనక గదిలోనే కాపురం. రెండువేల సంవత్సరం దాటాక ఒక రోజు, సంతోష్‌నగర్‌లో ఉండే ఆఫీసు సారు ఒకాయన విదేశీ సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. టైటానియం అట. బురద కడిగి ఉంచమని మా ఆయనకు అప్పగించి వెళ్లాడు.

ఎంత సోకైన సైకిలో! రంగు వేయలేదు. నా స్టీలు బిందె మీద ఉన్నట్టే లోహమంతా సన్నటి గీతలు, అన్నీ ఒకే దిక్కుకు. హ్యాండిలేమో పొట్టేలు కొమ్ములు. అతుకుల దగ్గర చేప పొలుసులు పేర్చినట్టుంది. బురద ఇరుక్కోకుండా టైరు చుట్టూ రెండు వేళ్లు పట్టేంత సందు. బ్రేకు తీగలన్నీ పైగొట్టం మీదుగా పోయాయి, ఆ గొట్టం అడుగు మాత్రం చదును.

"గట్ల చదునెందుకు?" అన్నాను.

"భుజం మీద వెట్టుకోనీకె. పందెంల బురదొస్తే దిగి, ఎత్తుకొని ఉరుకుతరట," అన్నాడు మా ఆయన.

"గంత పైసలు వెట్టి కొనుక్కున్నది మొయ్యనీకా?"

మా ఆయన ఊరుకుంటాడా! భుజాన వేసుకుని గల్లీ చివరిదాకా పరుగెత్తి వచ్చాడు. బార్కస్ నుంచి జామపండ్లు తెచ్చే భాయ్ బండి ఆపి, "క్యా భాయ్, సైకిల్ థక్ గయీ క్యా?" అని అరిచాడు. సైకిలు అలిసిపోయిందేమోనని! నవ్వలేక నేను గడప మీద కూలబడ్డాను.

బురద కడగడం అయ్యాక ఆయన ట్యూబులు తేవడానికి బయల్దేరుతూ, "చెయ్యి వెట్టకు. చిన్న మచ్చ వడ్డా ఈ సారే కాదు, ఏ సారూ మన దుకాణం మెట్టెక్కడు" అన్నాడు.

అటు వెళ్లాడో లేదో, కింది గొట్టానికి అడ్డంగా ఒక గీరు కనిపించింది. వచ్చేటప్పుడే ఉందది. నా చేయి ఆగలేదు. స్టీలును గుండ్రంగా తోమొద్దు, గీతలు పోయే దిక్కునే తోమాలని మా అత్త నేర్పింది. గిన్నెలు తోమే పచ్చ పీచు తడిపి, అలాగే రుద్దాను. గీరు మాయం!

ఆయన తిరిగొచ్చి నా చేతిలో పీచు చూశాడు. "తోమినవా? గిన్నె లెక్క తోమినవా?" అని తల పట్టుకున్నాడు. ఇంతలో సారు రానే వచ్చాడు.

వంగి వెతికాడు. "ఇక్కడ గీరుండాలే?"

"నేనే సార్, పీచుతోటి..." అన్నాను. మా ఆయన కళ్లు మూసుకున్నాడు.

సారు పకపకా నవ్వాడు. "సైకిలుతో వచ్చిన పుస్తకంలోనూ అదే రాశారమ్మా, పీచుతో రుద్దమని! నాకే ధైర్యం చాల్లేదు. ఇటుపక్క ఇంకోటుంది, చూస్తారా?"

మా ఆయన చటుక్కున లేచి నాకు స్టూలు వేశాడు, చెంబుతో నీళ్లు తెచ్చాడు. "ఒక్క దిక్కే రుద్దాలె, జర పైలం," అని నాకే నేర్పడం మొదలుపెట్టాడు. ఇక నాకు నవ్వాగితేగా రుద్దడానికి!