వెనక్కి తిరిగే మెడ

2018. ఎచ్చెర్లలో యూనివర్సిటీ గేటుకి కాస్త ఇవతల మాది రెండు కుర్చీల సెలూన్. నేను ఎనిమిదో తరగతితో బడికి దండం పెట్టినవాణ్ణి. అయినా ఎమ్మెస్సీలూ ఎంబీఏలూ నా ముందు తల వంచక తప్పదు. ఆ పొగరు ఇప్పటికీ ఉంది.

మా పనిలో ఆఖరిది నెక్ షేవ్. మెడ వెనక నూగు వెంట్రుకల్ని బ్లేడుతో గీసి అంచు తీర్చడమన్నమాట. తల కిందికి వంచుతాం కాబట్టి అద్దం కనపడదు, కదలకూడదు. సంతోష్ కదిలేవాడు. గుమ్మంలో చెప్పుల చప్పుడైతే చాలు, మెడ గిర్రున తిరిగేది. ఒకసారి చెవి కింద గీసుకుపోయింది కూడా.

"పోలీసులు గానీ ఎతకతన్నారేటిరా?" అన్నాను పటిక రాస్తూ.

వాడు నవ్వలేదు. "ఎనక ఎవులైనా వస్తే ఆగనేను మావా."

సంతోష్‌ది కళింగపట్నం వైపు, చేపల వేటకెళ్లే ఇల్లు. ఇక్కడ పీజీ చదువుతూ ఫోన్లో తుపాకుల ఆట మరిగాడు. ఇయర్‌ఫోన్లలో వెనక అడుగుల చప్పుడు వినపడగానే తిరిగి కాల్చాలి, లేకపోతే చచ్చినట్టే. క్లాసు లేని ప్రతి గంటా అదే పని. అదే ఆట ఆడే కుర్రాళ్లు ఎంతోమంది నా కుర్చీలో గుర్రుపెట్టి నిద్రపోయారు, అందరికీ ఇలా అవుతుందని నేననను. వీడికి అయింది.

"ఇంటికెళ్లి ఎన్నాళ్లయిందిరా?" అన్నాను, మాట మారుద్దామని.

"దసరాకీ ఎల్లలేదు." చెవి కింద గాటు తడుముకుంటూ మళ్లీ అన్నాడు. "మొన్న రూమ్మేటు ఎనకనించి బుజం మీద సెయ్యేసినాడు. సూడకండా మోసేత్తో కొట్టేసినాను, పెదవి సితికిపోనాది. మా అక్క కూతురికి నాలుగేళ్లు మావా. నాను కూకుంటే సాలు, ఎనకనించి ఎగిరి ఈపెక్కేస్తాది."

బ్లేడు కడిగి పక్కన పెట్టాను.

తర్వాత కుర్చీని గుమ్మం వైపు తిప్పాను. ఇక వాడి వెనక నేనూ అద్దమూ తప్ప ఎవరూ లేరు. "సెయ్యేసే ముందు సెప్తాను. నువ్వు ఆ ఆట ఫోన్లోంచి తీసీయ్. సికాకులంలో డాక్టరుకి సూపించుకో."

"పిచ్చోడంటారు మావా."

"పన్ను నొప్పని ఎల్లినోణ్ని పల్లోడంటారేటిరా?"

వెళ్లాడు. ఒక్కరోజులో ఏమీ మారలేదు. ఆట మానేసిన కొత్తలో నిద్ర పట్టేది కాదు, ఆ చిరాకంతా నా మీద చూపించేవాడు. నేను బస్సు కండక్టర్లా అరిచేవాణ్ణి: "ఎడం సెవి కాడికొస్తన్నాను. గుమ్మంలో పాలోడున్నాడు, మన పార్టీయే!" మెడ తిరగడం తగ్గింది, పూర్తిగా పోలేదు.

శివరాత్రికి ఇంటికెళ్లొచ్చాడు. కుర్చీ తనే అద్దం వైపు తిప్పుకుని కూర్చున్నాడు.

"మేనకోడలు ఈపెక్కిందేటి?"

"ఎక్కింది."

"మరి నువ్వో?"

"ఉలిక్కిపడ్డాను. సెయ్యి లేసింది మావా." కప్పిన గుడ్డ కిందనించి చెయ్యి బయటికి తీసి చూసుకున్నాడు. "లేసిన సేత్తోనే దాని కాళ్లు పట్టుకున్నాను. ఊరంతా తిప్పమంది."

మాది మనిషి వెనక నిలబడి చేసే పని. ముట్టుకునే ముందు ఒక మాట చెప్పాలని ఇన్నేళ్ల సర్వీసులో నాకు ఎవరూ నేర్పలేదు. సంతోష్ వచ్చి వెళ్లాక అలవాటైంది. ఇప్పుడు ముసలాళ్లకీ చెప్తాను. "అద్దంలో అవుపడతన్నావు గదరా, నాను గుడ్డోణ్నేటి?" అని తిడతారు.

తిట్టుకోనీ.