ఐసు మిషను మీద పసుపు నీళ్లు

భావనపాడులో కూర్మయ్యకు కోపిష్ఠి అని పేరు. నన్నడిగితే అది కోపం కాదు, అసహ్యం. నెల్లిమర్ల జూట్ మిల్లులో పన్నెండేళ్లు మోటార్లు బాగుచేసి, మోకాళ్లు పాడై ఊరికి తిరిగొచ్చిన మనిషి. తెగిన వైరుకు టేపు బదులు ప్లాస్టిక్ కవరు చుట్టిన ఇల్లు కనిపిస్తే అక్కడ మంచినీళ్లు కూడా ముట్టడు. ఆ అసహ్యం నాకూ అంటుకుంది. చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

2016 వానాకాలంలో చేపల కోసం కొండబాబు ఐసు షెడ్డుకు వెళ్లాను. అప్పుడే పడవలు ఒడ్డుకు చేరుతున్నాయి. దిమ్మలను పొడి చేసే మిషను దగ్గర తాయారు, మరో నలుగురు ఆడవాళ్లు తడి నేల మీద ఒట్టి కాళ్లతో పని చేస్తున్నారు. ఐసు గంగమ్మ తల్లిదట, చెప్పులతో తొక్కకూడదట. షెడ్డు యజమాని కొండబాబు మాత్రం గుమ్మం దగ్గర చెక్కబల్లల మీద కుర్చీ వేసుకుని, తోలు చెప్పులతో కూర్చున్నాడు. గంగమ్మకు అతనితో పేచీ లేదు కాబోలు.

తాయారు మిషనుకు చెయ్యి తగలగానే దులుపుకుని నవ్వింది.

"ఏమైంది?" అన్నాను.

"సురుక్కుమన్నాది. మొన్న శుక్రవారం పసుపు నీళ్లు పొయ్యలేదు కదా, అమ్మోరికి కోపమొచ్చినాది."

ప్రతి శుక్రవారం మిషనుకు మోటారుతో సహా నిలువెల్లా బిందెడు పసుపు నీళ్లు పోస్తారట. షాకు కొడితే అమ్మోరి కోపమని నీళ్లు పోయడం, నీళ్లు దిగి షాకు పెరిగితే ఇంకో బిందె పోయడం. రెండేళ్లుగా ఇదే వరస. వెంటనే కూర్మయ్యకు ఫోన్ చేశాను.

పొడి గుడ్డలో చుట్టి, టిఫిన్ డబ్బాలో దాచిన మీటరుతో వచ్చాడు. ముందు ఆడవాళ్లందర్నీ మిషనుకు దూరంగా నిలబెట్టాడు. చేతులు తుడుచుకుని, స్విచ్ బోర్డు కింద రబ్బరు పట్టా పరిచి దాని మీద నిలబడ్డాడు.

"మొన్ననే ఒకడొచ్చి ఇలాటి మీటరే పట్టినాడు. ఏడు ఆంపియర్లు, లోడు బాగున్నాదన్నాడు" అన్నాడు కొండబాబు.

"ఒక్క వైరే పట్టుంటాడు. దాంతో మోటారు ఎంత తింటన్నాదో తెలుస్తాది గానీ, ఎంత కారుతున్నాదో తెలవదు. ఎర్తు వైరు వదిలేసి మిగతా రెండూ కలిపి పట్టాల. ఎల్లిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానమైతే సున్నా సూపిస్తాది. తేడా వచ్చిందంటే ఇంకో దారిన పోతన్నట్టే."

వైర్ల తొడుగు ఎక్కడా చిట్లలేదని చూసుకుని, రెండింటినీ కలిపి మీటరు దవడల మధ్య పెట్టాడు. వేళ్లు మీటరు పిడి దాటి పైకి పోనివ్వలేదు. మీటరు నలభై ఎనిమిది మిల్లీ ఆంపియర్లు చూపించింది.

ముప్పై దగ్గరికే ట్రిప్పు స్విచ్చు పడిపోయి కరెంటు ఆగిపోవాలి. పడకుండా దాన్ని తప్పించి ఎవరో వైరు ముక్క కలిపారు. ఎవరో ఏమిటి, కొండబాబే కలిపించాడు. "మాటిమాటికీ పడిపోతంటే పనాగిపోతన్నాది మరి" అన్నాడు, తప్పంతా స్విచ్చుదే అన్నట్టు. ఎర్తు వైరేమో తుప్పు పట్టి ఒక్క పోగు మీద వేలాడుతోంది.

"ఈ పోగు కూడా తెగిననాడు కరెంటుకి తాయారే దారి" అన్నాడు కూర్మయ్య.

మెయిన్ ఆపి, టెస్టరుతో చూసుకుని, ఆ వైరు ముక్క పీకేశాడు. మోటారు వైర్ల డబ్బా మూత తీస్తే లోపల పసుపు బురద, చేప పొలుసులు, కుళ్లు కంపు. బయటికెళ్లి ఉమ్మేసి వచ్చాడు.

కొండబాబు కుర్చీలోంచి లేచాడు. "పడవలొచ్చేసినాయి. ఆ ముక్క మళ్లీ కలిపెయ్. ఈ పూట నడవనీ, రేపు సూసుకుందాం. సిన్న సురుకుకే సచ్చిపోతారేటి?"

కూర్మయ్య వైరు ముక్కను జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు కొండబాబు తాయారు వైపు తిరిగాడు. "ఒసే తాయారూ, రెండేళ్ల నుంచీ ముట్టుకుంటన్నావు కదే. మిషను ఆన్ సేయిస్తాను, ఓసారి ముట్టుకుని సూపించు ఈయనకి. ఏటీ అవ్వదని సెప్పు."

బూతులు చాలా విన్నాను. ఇంత రోత మాట ఎన్నడూ వినలేదు.

తాయారు తన తడి కాళ్లు చూసుకుంది. తర్వాత అతని చెప్పులు చూసింది.

"నువ్వు సెప్పులిప్పి దిగి రా బాబూ. ముందు నువ్వు ముట్టుకో."

ఆడవాళ్లంతా అతని కాళ్ల వైపే చూశారు. ఆ కాళ్లు చెక్కబల్లలు దిగలేదు.

తాయారు గుమ్మం బయటికెళ్లి తన హవాయి చెప్పులు తొడుక్కుంది. వాటితోనే ఐసు మీద టపటపా నడుచుకుంటూ షెడ్డు చివరిదాకా వెళ్లి, తన అన్నం గిన్నె తీసుకుని బయటికి వచ్చేసింది. మిగిలిన నలుగురూ ఆమె వెనకే నడిచారు. గంగమ్మ తల్లి ఏమీ అనలేదు.