తువ్వాలు తెమ్మన్న కేక

చెల్లెలు పురిట్లోనే మంచం పట్టింది. పసిగుడ్డును తెచ్చి అక్క ఒళ్ళో పెట్టారు. అక్క దర్జీ పని చేసేది. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. మిషను మీద ఒక చేత్తో గుడ్డ నడుపుతూ, రెండో చేత్తో ఉయ్యాల ఊపేది. గువ్వ అని ముద్దుపేరు పెట్టుకుంది. గువ్వ తొలిసారి 'అమ్మా' అన్నది ఆమెనే.

పిల్లకు ఆరేళ్ళు వచ్చాకగాని చెల్లెలు కోలుకోలేదు. కోలుకోగానే వచ్చి తీసుకెళ్ళింది. న్యాయమే, కాదనడానికి నోరెలా వస్తుంది? ఇల్లు మాత్రం బావురుమంది. వీధిలో ఏ పిల్ల 'అమ్మా' అన్నా అక్క కుట్టు ఆపి తలెత్తేది. ఆ వయసు పిల్లల గౌన్లు ఎవరైనా తెస్తే తీరిక లేదని పంపేసేది.

ఒకనాడు ధ్యానమందిరంలో మెత్తలకు తను కుట్టిన గలీబులు ఇవ్వడానికి వెళ్ళింది. అక్కడ ముసలి భిక్షుణి బుద్ధుడి మాటలు చెబుతోంది. ముసలితనం, చావు దుఃఖం. ఇష్టమైనవాళ్ళకు దూరం కావడమూ దుఃఖమే. దాని మూలం తృష్ణ. తృష్ణ ఆరితే దుఃఖమూ ఆరుతుంది. అందుకు దారి ఉంది: సరిగ్గా చూడటం, సరిగ్గా బతకడం, మనసును కనిపెట్టుకుని ఉండటం.

అక్క గుమ్మంలోనే కూలబడింది. "అయితే పిల్లను ప్రేమించడం నా తప్పేనా అమ్మగారూ?"

"తప్పని ఎవరన్నారమ్మా? పిల్ల బాగుండాలనుకో, మంచిదే. నా దగ్గరే ఉండాలి, ఎప్పటికీ ఆరేళ్ళదే కావాలి అంటున్నావు చూడు, మండుతున్నది అదీ."

"ఎలా చల్లార్చుకోను?"

"ముందు అది రాజుకోవడం చూడు. తరమకు, బుజ్జగించకు."

చెప్పినంత తేలికా? కళ్ళు మూసుకుంటే ఏడుపే. "నా మొహానికి ధ్యానమొకటి" అని తిట్టుకుంటూనే పొద్దున్నే మిషను ముట్టకముందు కాసేపు కూర్చునేది.

సెలవుల్లో చెల్లెలు పిల్లను తీసుకొచ్చింది. వెళ్ళాక మళ్ళీ రావడం అదే మొదటిసారి. గువ్వ పొడుగైంది, ముందుపళ్ళు కొత్తవి. స్నానాలగదిలోంచి కేకేసింది: "అమ్మా, తువ్వాలు!"

అక్క చటుక్కున లేచింది. చెల్లెలు తల దించుకుంది.

అక్క గుండెలో భగ్గుమంది. నన్నే పిలవాలి అన్న కోరిక గొంతుదాకా వచ్చింది. ఆమె కదలకుండా ఆ మంటనే చూసింది. పోలేదు, కాస్త సన్నగిల్లింది.

"నిన్నేనే పిలుస్తోంది. తీగమీద ఉంది, ఇచ్చిరా."

చెల్లెలు వెళ్ళి వచ్చి మెల్లగా అంది: "నీమీద బెంగతో ఏడాదంతా ఏడ్చిందక్కా. చెబితే నువ్వు ఇంకా కుంగిపోతావని చెప్పలేదు."

పిల్లకూ అదే మంటా! తన బాధలో పడి ఆ సంగతే తోచలేదు అక్కకు.

గువ్వ తల తుడుచుకుంటూ వచ్చి, ఏమని పిలవాలో తెలియక గుమ్మంలో ఆగిపోయింది.

"పెద్దమ్మా అను," అంది అక్కే. "రా, చిక్కు తీస్తా."

పిల్ల వచ్చి ముందు కూర్చుంది. సబ్బు వాసన మాటున మెడ దగ్గర పాత వాసనే. అక్క చేతులు ఆ పిల్ల చుట్టూ బిగుసుకోబోయాయి. వాటిని సడలించి, తడిజుట్టు నెమ్మదిగా పాయలు తీసింది.