ఉమ్ నాసిర్ చేతికి కుదిరిన పిడి

మొన్న బెంగళూరులో ఒక పెద్ద దుకాణంలో, వంటసామాన్ల అర ముందు నిలబడి, ఆలివ్ చెక్కతో చేసిన గరిటె ఒకటి తీసి వాసన చూశాను. నూనె, మిరియాలు, ఎండుగడ్డి కలిసినట్టుండే ఆ వాసన తగలగానే నా చుట్టూ ఉన్న మనుషులు, దీపాలు వెనక్కి జరిగిపోయి, సౌదీలోని తబూక్‌లో మా రెండు గదుల ఇల్లు, గడప దగ్గర మా నాయన చొక్కా విదిలిస్తే రాలే పచ్చటి రంపంపొట్టు, అది లోపలికి రాకుండా చీపురు పట్టుకుని కాచుకున్న మా అమ్మ కళ్ల ముందుకొచ్చారు. అక్కడ దాన్ని మేం ఆలివ్ అనలేదు, జైతూన్ అనేవాళ్లం.

మాది రాయచోటి పక్క పల్లె. నాయన పేరు ఖాసీం, పని వడ్రంగం. తబూక్‌లో ఒక ఫర్నిచర్ కంపెనీలో ఫోర్‌మన్ అయ్యాక అమ్మనూ నన్నూ రప్పించుకున్నాడు. అరబ్బు దేశమంటే ఎండ ఒక్కటే అనుకుని వెళ్లిన మాకు అక్కడి చలికాలం చూసి మతిపోయింది. పొద్దున కుళాయి నీళ్లు తాకితే వేళ్లు కొంకర్లు పోయేవి, బడి బస్సు అద్దాలకు మంచు పట్టేది, దూరాన కొండల మీద మంచు కురిసిందని విని జనం కార్లలో చూడబోయేవాళ్లు. ఆడపిల్లలం వీధిలో ఆడుకునే అలవాటు లేదు గనుక మేడ మెట్ల మీద ఖర్జూరపు గింజలతో గచ్చకాయలాట ఆడేవాళ్లం. అమ్మ ఊరి నుంచి మోసుకొచ్చిన రాగిపిండితో సంగటి కెలికి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి నూరితే ఆ వాసనకు కింది వాటాలోని కరీంనగర్ అన్నలు గిన్నె పట్టుకుని పైకొచ్చేవాళ్లు. రంజాన్ నెలలో సాయంత్రం నమాజు పిలుపుకు ముందు వీధి వీధంతా సమోసాలు వేగే నూనె వాసనే.

ఆ ఏడు మాత్రం పండగ నాడూ పెద్దల ముఖాల్లో నవ్వు లేదు. నితాఖత్ అనే కొత్త చట్టం వచ్చింది. సౌదీ వాళ్లకు ఎన్ని ఉద్యోగాలిచ్చారన్న దాన్నిబట్టి ప్రతి కంపెనీకీ ఒక రంగు వేశారు. ఇద్దరు మనవాళ్లు కలిస్తే బాగున్నావా అనడానికి బదులు "మీది ఏ రంగు?" అని అడిగేవాళ్లు. మా నాయన కంపెనీ ఎరుపులో పడింది. ఎరుపంటే ఇఖామా, అదే ఆ దేశంలో ఉండనిచ్చే కాగితం, మళ్లీ కొత్తది కాదు. గడువులోగా పూచీ పడే యజమానిని, అంటే ఇంకొక కఫీల్‌ను, వెతుక్కుని ఆయన పేరు మీదికి మారాలి, లేదంటే ఇంటికి పోవాలి. నాకప్పుడు తొమ్మిదేళ్లు. బడిలో ఎర్ర రంగు పెన్సిలు ముట్టుకోవడం మానేశాను.

మాకు కనిపించిన ఒకే దారి అబూ నాసిర్. ఊరి బయట పెద్ద జైతూన్ తోట ఆయనది. అంతకుముందు ఆయన ఇంటి తలుపులు నాయన చేతి మీదే అయ్యాయి. పొడుగాటి మనిషి, తెల్లగడ్డం, మాట తక్కువ. ఆయనకు పాత రివాల్వర్లు సేకరించే అలవాటు. ఒక గదిలో అద్దాల బీరువాలో, లైసెన్సు కాగితాలతో సహా వాటిని వరసగా పడుకోబెట్టి తాళం వేసుకునేవాడు. వాటిలో ఒకటి మాత్రం ఆయన భార్య ఉమ్ నాసిర్‌ది, ఆమె తండ్రి వాడినది. చిన్నప్పుడు ఎడారిలో గుడారం పక్కన తండ్రి ఆమెకు గురి నేర్పింది దానితోనే. తమ్ముళ్లు ఒక శుక్రవారం తోటకు వచ్చినప్పుడు వాళ్ల ముందు దాన్ని మళ్లీ కాల్చాలని ఆమె కోరిక. దానికున్న పాత కొమ్ము పిడి ఆమె చేతికి మరీ పెద్దది. పాత పిడిని చెక్కడానికి అబూ నాసిర్ ఒప్పుకోడు. సేకరించిన వస్తువు మీద ఆకురాయి పడితే దాని విలువ పోయినట్టే అనేవాడు. కాబట్టి పాతది విప్పి దాచి, కాల్చడానికి వేరే చెక్క పిడి చేయించాలనుకున్నాడు. ఆ పని నాయనకిచ్చి, పని అయ్యాక నాయన ఇఖామాను తన తోట పేరు మీదికి మార్చుకునే కాగితం మీద సంతకం పెడతానన్నాడు.

పరాయి మగవాడు ఆమె చెయ్యి పట్టి కొలత తీసుకునే వీలు లేదు. అందుకే అమ్మ వెళ్లింది, తోడు నేనూ. ఆడవాళ్ల గదిలో యాలకుల కాఫీ వాసన, కుంపటిలో బొగ్గుల వేడి. అమ్మ ఇంటి నుంచి గట్టిగా కలిపి తెచ్చిన చపాతీ పిండిని, చెక్కలు విప్పేసిన ఖాళీ రివాల్వరు పిడి ఇనుముకు చుట్టూ తాపి, ఉమ్ నాసిర్‌ను పట్టుకోమంది. ఆమె వేళ్లు పొట్టివి, అరచెయ్యి వెడల్పు. పిండి నిండా వంకరటింకర గుంతలు పడ్డాయి. ముఖ్యంగా ట్రిగ్గరు చుట్టూ ఉండే ఇనుప వంకీ వెనక, నడివేలు చేరే సందులో, పిండి మందంగా ఉబికింది. ఆ ముద్ద చూసి నాయన సంబరపడ్డాడు గానీ అబూ నాసిర్ మొహం చిట్లించాడు. ఆడవాళ్ల చెయ్యి చిన్నది, పిడి సన్నగా, నున్నగా, అందంగా ఉండాలన్నాడు. నాయన తలూపి ఆయన చెప్పినట్టే చేశాడు. తేనె రంగు చెక్కలో గోధుమ చారలు అలల్లా పారుతున్న ఆ పిడిని అబూ నాసిర్ వెలుతురులో పెట్టి చాలాసేపు చూసుకున్నాడు.

తర్వాతి వారం ఉమ్ నాసిర్ అమ్మను లోపలి గదికి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, చేతి గుడ్డ విప్పింది. నడివేలి కణుపు నల్లగా కమిలి ఉబ్బింది. బొటనవేలి సందులో తోలు లేచిపోయింది. కాల్చిన ప్రతిసారీ ఆ సన్నటి పిడి చేతిలో తిరిగిపోయి, ఇనుప వంకీ వచ్చి కణుపుకు కొడుతోందట. భర్తకు చెప్పొద్దని ఆమె అమ్మ మణికట్టు పట్టుకుని బతిమాలింది. చెబితే, ఆడదాని చేతికి ఇది ఆగదని తన తండ్రి రివాల్వరును బీరువాలో పెట్టి తాళం వేస్తాడు, ఇక ఎన్నటికీ బయటికి తియ్యడు. గుట్టుగా పిడి మార్చి తెమ్మంది.

తిరుగు దారిలో కారులో అమ్మ, నాయన మాటామాటా అనుకున్నారు.

"ఆయప్పకు తెలీకుండా ఎట్ల మార్చేది? తుపాకి ఉండేది ఆయప్ప తాళంలో," అన్నాడు నాయన.

"అయితే చెప్పు."

"గమ్మునుండు మాబూ. ముందు సంతకం పడనీ. ఆయప్ప మొగం తిప్పుకుంటే మనం యాడికి పోవల్ల? ఇంటికే."

"ఆయమ్మ చెయ్యి నాకు చూపిచ్చింది. చూసినాంక చూడనట్టు ఎట్లుండేది?"

ఆ వారమంతా ఇంట్లో గిన్నె కింద పెట్టిన చప్పుడుకు కూడా నేను ఉలిక్కిపడ్డాను.

తమ్ముళ్లు వచ్చే ఆ శుక్రవారం మధ్యాహ్నం, సంతకం కోసం తోటకు బయల్దేరాం. ఊరు దాటే చోట తనిఖీ. కఫీల్ దగ్గర కాకుండా వేరేచోట పని చేసేవాళ్లను అక్కడికక్కడే బస్సు ఎక్కిస్తున్న రోజులవి. ముందు ఆగిన వ్యానులోంచి ఇద్దరిని దించి పక్కన నిలబెట్టారు. వాళ్లలో ఒకతని చేతిలో తాపీ ఇంకా అట్లాగే ఉంది. అవసరం పడుతుందేమోనని నాయన తెచ్చుకున్న ఉలులూ ఆకురాళ్లూ నా కాళ్ల కింద దుప్పట్లో చుట్టి ఉన్నాయి. పోలీసు ఇఖామా తిప్పి చూసి, వెనక సీటులో అమ్మనూ నన్నూ చూసి, ఎక్కడికని అడిగాడు. తోటకు, పాపను తిప్పడానికి అన్నాడు నాయన. ఆయన గొంతు నాకు ఎవరిదో కొత్త మనిషిదిలా వినిపించింది. పోలీసు పొమ్మన్నాడు.

తోటలో తమ్ముళ్ల బండ్లు అప్పటికే ఆగి ఉన్నాయి. చెట్ల అవతల ఇసుక కట్ట ముందు డబ్బాలు వరసగా పెడుతున్నారు. అబూ నాసిర్ నవ్వుతూ ఎదురొచ్చాడు. కాగితం సిద్ధంగా ఉందని, ఆట అయ్యాక సంతకం పెడతానని చెప్పాడు. నాయన తల దించుకున్నాడు. అప్పుడు అమ్మ కారు దిగింది. బుర్ఖా సర్దుకుని, తనకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలతో, నేల చూస్తూ గట్టిగా చెప్పేసింది. అమ్మగారి చెయ్యి దెబ్బ తింటోంది. తప్పు చేతిది కాదు, పిడిది.

పిడి చేసింది తన మొగుడే. పని ఇవ్వబోతున్న మనిషి ముందే ఆ పని బాగాలేదని చెప్పింది. అబూ నాసిర్ అమ్మను చూడకుండా నాయన వైపు తిరిగి, నిజమేనా అని అడిగాడు. సన్నగా చెయ్యమన్నది మీరే కదా అనొచ్చు. నాయన అనలేదు.

"అవును. నేనే తప్పుగా చేశాను," అన్నాడు.

అబూ నాసిర్ ఇంట్లోకి వెళ్లిపోయాడు. మేం కారు పక్కన నిలబడ్డాం. గాలికి జైతూన్ ఆకులు వెండిలా తిరగబడుతున్నాయి. లోపల్నుంచి ఆయన గొంతు ఒకసారి పెరిగింది, ఆ వెంటనే ఆమె గొంతు అంతకన్నా పెరిగింది, తర్వాత ఏమీ వినబడలేదు. నాయన కారు తాళాలు చేతిలో పట్టుకుని, ఊరికి ఫోను చేసి ఏం చెప్పాలో అన్నట్టు నేల వైపే చూస్తున్నాడు. అమ్మ నా భుజం పట్టుకున్న పట్టు ఈరోజుకీ నా ఒంటికి గుర్తే.

అబూ నాసిర్ బయటికొచ్చాడు. ఒక తువ్వాలు మీద, గుండ్లు తీసేసి, పిడి చెక్కలు విప్పేసిన రివాల్వరు. ఆయన వెనక, ముఖం కప్పుకుని, గడపలో ఉమ్ నాసిర్. ఆమె అమ్మ వైపు చూసిన ఆ చూపు కోపమో కాదో నాకు తెలియలేదు. ఆయన నాయనతో నెమ్మదిగా అన్నాడు, సన్నగా చెయ్యమన్నది నేనే, ఇప్పుడు ఆమె చెప్పినట్టు చెయ్యి.

పనిముట్ల కొట్టంలో నాయన కూర్చున్నాడు. అమ్మ మళ్లీ పిండి కలిపింది. ఆడవాళ్ల గదికీ కొట్టానికీ మధ్య అమ్మ తిరుగుతూనే ఉంది. చెక్క తీసుకుని లోపలికి, ఆమె పట్టి చూసి చెప్పిన మాట తీసుకుని బయటికి. వంకీ వెనక సందు చెక్కతో నిండాలి, నడివేలు కిందికి దిగాలి. అరచేతి దగ్గర ఉబ్బు కావాలి. వెనక ఇనుము మీద మాత్రం చెక్క ఎక్కకూడదు, ఎక్కితే పొట్టి వేలు ట్రిగ్గరును అందుకోదు. చిటికెన వేలుకు కింద కొంచెం ఆనుకునే చోటుండాలి. బయట తమ్ముళ్లు అక్క ఏదని విసుగుపడుతున్నారు. ఎండ పసుపెక్కే వేళకు పిడి అయ్యింది. నూనె పట్టించడానికీ, ఉప్పుకాగితం వెయ్యడానికీ వేళ లేదు. కందగడ్డలా వికారంగా ఉంది.

మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టారు. ఉమ్ నాసిర్ ఇసుక కట్టకు ఎదురుగా నిలబడి, చెయ్యి చాచింది. అబూ నాసిర్ పక్కన నిలబడి ఆమె చేతినే చూస్తున్నాడు, డబ్బాలను కాదు. మొదటి మోతకు నేను చెవులు మూసుకున్నాను. రెండోదానికి ఒక డబ్బా ఎగిరిపడింది. గుండ్లన్నీ అయ్యాక ఆమె రివాల్వరు దించి, కట్టు విప్పేసి, వేళ్లు ఒకసారి ముడిచి తెరిచి చూసుకుంది. కొత్త దెబ్బ లేదు. తమ్ముళ్లు కేకలు వేశారు. ఆమె అందరినీ దాటుకుని వరండాలోకి వచ్చి అమ్మ పక్కన కింద కూర్చుని, అమ్మ ఒడిలో తల పెట్టి, చాలాసేపు అట్లాగే ఉంది. ఏడ్చిందో నవ్విందో, ముసుగులో కనబడలేదు.

ఆ సాయంత్రమే సంతకం పడింది. తర్వాతి ఏళ్లు మేం ఆ తోట పేరు మీదే బతికాం. ఆ పైన పరాయి దేశస్థుల కుటుంబాల మీద నెలనెలా సుంకం వచ్చింది. మా మేడలో ఇళ్లు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి, బడిలో మా తరగతి బెంచీలు గోడకు చేర్చి పెట్టేశారు, చివరికి అమ్మా నేనూ దేశం విడిచే ఎగ్జిట్ ముద్ర వేయించుకుని రాయచోటికి వచ్చేశాం. నాయన మరికొన్నాళ్లు ఉండి, ఆయనా వచ్చేశాడు. ఇప్పుడు బస్టాండు దగ్గర తలుపుల దుకాణంలో పని చేస్తున్నాడు.

పోయిన రంజానుకు నాయన పాత నంబరుకు ఫోను చేశాడు. ఎత్తింది అబూ నాసిర్ కొడుకు నాసిర్. తండ్రి పోయాడని, తోట అమ్మేశామని, రివాల్వర్లన్నీ లైసెన్సున్న ఇంకొకాయన కొనుక్కున్నాడని చెప్పాడు. నాయన సంతాపం చెప్పి ఫోను పెట్టేశాడు.

అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఆయమ్మ ఎట్లుండాదంట?"

"అడగలేదు," అన్నాడు నాయన. "అరబ్బోళ్ల పిల్లోడిని వాళ్లమ్మ గురించి మొగోడు ఎట్ల అడిగేది?"

అమ్మ అక్కడే నిలబడిపోయింది. "నాకియ్యాల గదా ఫోను," అంది. తెల్లారి తనే చేసింది, ఆ మర్నాడూ చేసింది. ఆ నంబరు ఇక మోగలేదు.