రాత్రి ఫైటింగ్‌లు నచ్చని డ్రైవర్

2018లో నేను కొల్లాపూర్‌లో ఒక చిన్న కంటి దవాఖానలో ఆప్టోమెట్రిస్ట్‌గా పనిచేసేదాన్ని. అంటే కళ్లు పరీక్షించి, అద్దాల పవర్ తేల్చి, తేడా అనిపించినవాళ్లను డాక్టరు దగ్గరికి పంపే ఉద్యోగం. ఈ పనిలో ముందుగా అలవాటయ్యేది ఎవరినీ నమ్మకపోవడం. సర్టిఫికెట్ కోసం వచ్చేవాళ్లలో కొందరు గోడమీది అక్షరాలు బట్టీపట్టి మరీ వస్తారు.

నర్సింలు కూడా అలాంటివాడే అనుకున్నాను. మగ్గం వదిలి స్టీరింగ్ పట్టిన మనిషి. హైదరాబాద్ వెళ్లే నైట్ బస్సు నడిపేవాడు. బస్సు పక్క బండ్లను రాసుకుంటూ పోతోందని, కళ్లు చూపించుకుని కాగితం తెమ్మని ఓనరు పంపాడు. చార్టు చివరి వరుస దాకా గడగడా చదివేశాడు. నాకు అనుమానమొచ్చి చార్టు మార్చాను. అదీ చదివేశాడు. ఇక సంతకం పెట్టక తప్పేట్టు లేదు.

నేను రాస్తుండగా వెంట వచ్చిన భార్య యాదమ్మతో సినిమా గొడవ పెట్టుకుని, నన్నూ అందులోకి లాగాడు.

"మొన్న చూసింది సుత ఒక సిన్మానా మేడమ్? ఫైటింగంత రాత్రిపూట పెట్టిండ్రు. ఎవడు ఎవన్ని కొడుతుండో ఏం కానరాలే. గా డైరెక్టర్ తాన లైట్లు లెవ్వో ఏందో!"

"మరి నచ్చిందేది?" అన్నాను.

"పోయిన దసరాకొచ్చింది. ఎండల పాటలు, పెండ్లి, పచ్చటి చేన్లు. కండ్లకు పండుగే!"

"అందరు సీటీలు కొడుతుంటె గీయనొక్కడే తిడుతుంటడు," అంది యాదమ్మ. "ఇంటర్వెల్ల లైట్లు ఏసేదాక సీట్లకెల్లి లేవడు."

నవ్వబోయి ఆగాను. తిట్టింది చీకటి సినిమాని, మెచ్చుకున్నది వెలుగు సినిమాని. హాల్లోకి ఆలస్యంగా వెళ్తే సీటు ఎలా వెతుక్కుంటారని అడిగాను.

"నేనే చెయ్యి పట్టుకొని తీస్కపోత," అంది యాదమ్మ.

పెన్ను పక్కన పెట్టి, అతణ్ణి పక్కచూపు కొలిచే పెరిమెట్రీ మిషన్ ముందు కూర్చోబెట్టాను. గిన్నెలాంటి దానిలో గడ్డం ఆనించి ఎదురుగా చూస్తుండాలి. నడుమనైనా పక్కల్లోనైనా చుక్క మెరిసినప్పుడల్లా బటన్ నొక్కాలి. నర్సింలు నడిమి చుక్కలకే నొక్కాడు.

"మీ మిషన్ ఖరాబైంది," అంటూ లేచాడు. "నన్ను స్టీరింగ్ మీదికెల్లి దింపనీకి మా ఓనర్ మీకు ఫోన్ చేసిండు గదా? నిజం చెప్పుండ్రి!"

నాకు ఒళ్లు మండింది. ఆ బస్సులో నిద్రపోయే జనం గుర్తొచ్చి భయమూ వేసింది. మాట్లాడకుండా పెద్ద లైటు ఆపి, మూలనున్న చిన్న బల్బు ఒక్కటే ఉంచాను. వచ్చి అతని ఎదుటే నిలబడ్డాను. యాదమ్మకు నేను కనిపిస్తూనే ఉన్నాను.

"మేడమ్, యాడికి పోయిండ్రు?" అన్నాడు.

యాదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లైటు వేశాక అతను తల వంచుకుని కూర్చున్నాడు.

"మా బాపు దీపాలు పెట్టే యాళ్లకు మగ్గం దిగేటోడు. పనిదొంగ అని మేమందరం నవ్వినం," అన్నాడు.

డాక్టరు చూసి రేచీకటి అన్నారు. వంశంలో వచ్చే జబ్బని, పక్కచూపు కూడా పోతోందని, ఇక బండి ముట్టుకోవద్దని చెప్పారు. మేం కాగితం ఇవ్వలేదు. "గీ దవాఖాన ఒక్కటే ఉన్నదా?" అంటూ వెళ్లిపోయాడు. అదే నా భయం. చార్టు ఒక్కటే చూసి పంపేచోట అతను తప్పకుండా పాసవుతాడు.

అప్పటినుంచి సాయంత్రం ఇంటికి వెళ్తూ, బయల్దేరడానికి నిలబడ్డ ఆ బస్సు డ్రైవర్ సీట్లోకి తొంగిచూసేదాన్ని. కొన్నాళ్లు అతనే కనిపించాడు. ఓనరుకు చెప్పాలా వద్దా అని మథనపడుతుండగానే, ఒకరోజు స్టీరింగ్ ముందు కొత్త మనిషి ఉన్నాడు. నర్సింలు కింద నిలబడి "హైదరాబాద్, హైదరాబాద్" అని జనాన్ని పిలుస్తున్నాడు. పక్కన నిలబడితే నన్ను చూడలేదు. ఎదురుగా వెళ్లాక గుర్తుపట్టాడు.

మేం చార్టు చదివించేది వెలుగులో. అతను బస్సు నడిపింది చీకట్లో. ఆ సంగతి నాకు పట్టించింది అతని సినిమా తిట్లే. ఇప్పటికీ చార్టు చదివించాక, నచ్చని సినిమా ఏదని అడగందే నేను ఎవరికీ సంతకం పెట్టను.

ఆ సాయంత్రం నర్సింలు నా మీద కోపం చూపలేదు. స్టీరింగ్ తనే వదిలేశానని చెప్పాడు.

"గా సిన్మా ఫోన్ల చూసిన మేడమ్, పగటిపూట, లైటు ఫుల్లు పెట్టి," అన్నాడు. "ఫైటింగ్ మంచిగనే తీసిండ్రు. నేనే ఉత్తగ తిట్టిన."